రోజుకొక్క ఫోటో, పది నిమిషాలు

మాది ఒడిశా పర్లాకిమిడిలో చిన్న జిరాక్సు షాపు. పొద్దున తొమ్మిదింటికి షట్టరెత్తి, ఊడ్చి, పటం ముందు అగరొత్తి వెలిగించి, మెషిను ఆన్ చేసి అది వేడెక్కేలోపు కంప్యూటర్లో ఒక ఫోటో తెరుస్తాను. ఒక్కటే. కొండల మీంచి బస్సులు దిగి గిరాకీ మొదలయ్యేసరికి పది దాటుతుంది, అంతవరకూ ఆ ఫోటోతోనే నా కాలక్షేపం. ఒకరోజు మంచులో నక్క, ఇంకోరోజు ఎడారిలో ఉప్పు పలకలు మోసుకెళ్లే ఒంటెలు, మరోరోజు ఏ దేశపు సంతలోనో చేపలమ్మే ముసలమ్మ. షాపుకొచ్చినవాళ్లు "ఏటి చూస్తన్నావు, సినిమానా?" అని తొంగిచూస్తారు, ఫోటో అని తెలిశాక కొంచెం నిరాశపడతారు, ఆ తర్వాత జిరాక్సు కాగితాలు చేతికిచ్చినా కదలరు. అలా కదలనివాళ్లలో కొందరు ఇవెక్కడ దొరుకుతాయి, ఎలా చూడాలి అని అడిగారు. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదని ఇలా రాస్తున్నాను.

"చూడ్డానికి కూడా పద్ధతేటి, కళ్లుంటే చాలదా" అన్నాడు మా బావ. చాలదు. నేను మొదట్లో చేసిన పని చెబుతాను. ఫోటోల పిచ్చి పట్టిన కొత్తలో కనబడ్డ సైటల్లా బుక్‌మార్కు చేశాను, పదకొండు అయ్యాయి. పొద్దున్నే పదకొండూ తెరవడం, వేలితో నెట్టుకుంటూ పోవడం, అరగంటలో ఒక రెండొందల ఫోటోలు. సాయంత్రం ఇంటికెళ్లాక మా ఆవిడ "ఇవాళ ఏం చూశావు" అంటే ఒక్కటీ గుర్తు లేదు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోను చోటు లేదన్నట్టయింది నా పని. అప్పుడు తొమ్మిది తీసేసి రెండు ఉంచుకున్నాను. మీరూ రెండుతోనే మొదలుపెట్టండి. రెండిట్లో ఒకటి రోజూ, రెండోది ఆదివారానికి.

రోజువారీకి నేను అందరికీ చెప్పేది వికీమీడియా కామన్స్. ఎవరో జీతగాళ్లు నడిపేది కాదు, ప్రపంచమంతా ఉన్న ఔత్సాహికులు తమ ఫోటోలు పెట్టి, వాళ్లలో వాళ్లే వాదించుకుని, బాగున్నవి ఎంపిక చేస్తే, అందులోంచి రోజుకొకటి మొదటి పేజీలోకి వస్తుంది. 2004 నుంచీ నడుస్తోంది. పురుగు కన్ను, పాత రైలింజను, మసీదు పైకప్పు, పిట్ట, అన్నీ ఉంటాయి. మన టైము ప్రకారం పొద్దున ఐదున్నరకి ఫోటో మారుతుంది, అంటే పాలు కాగేలోపు కొత్తది రెడీ. ఆకాశమంటే ఇష్టమున్నవాళ్లకి నాసా వాళ్ల 'ఆస్ట్రానమీ పిక్చర్ ఆఫ్ ది డే' ఉంది, అందరూ ఏపాడ్ అంటారు. రాబర్ట్ నెమిరాఫ్, జెర్రీ బోన్నెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1995 జూన్ 16న మొదలుపెట్టారు. ప్రతి ఫోటో కింద ఒక చిన్న పేరా, ఖగోళం తెలిసినవాళ్లు రాసింది, ఉంటుంది. అమెరికాలో అర్ధరాత్రి దాటగానే మారుతుంది కాబట్టి మనకి ఎండాకాలంలో తొమ్మిదిన్నర, వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకునే చలికాలంలో పదిన్నర. అందులో పాత తేదీలన్నీ దొరుకుతాయి, మీ పిల్లలు 1995 తర్వాత పుట్టినవాళ్లైతే వాళ్లు పుట్టినరోజున ఏ ఫోటో వచ్చిందో చూసుకోవచ్చు. మా పాపది తీసి ప్రింటు చేసి పుస్తకానికి అట్ట వేశాను, దానికి అదొక గొప్ప.

ఆదివారానికి 'ఇన్ ఫోకస్' అని అట్లాంటిక్ పత్రికవాళ్లది ఉంది. దాన్ని నడిపే ఆలన్ టేలర్ 2008లో బోస్టన్ గ్లోబ్ పత్రికలో 'ది బిగ్ పిక్చర్' అని ఇలాంటిదే మొదలుపెట్టి, 2011లో ఇక్కడికి వచ్చాడు. ఒక్కో అంశం మీద ఇరవై ముప్ఫై పెద్ద పెద్ద ఫోటోలు వరసగా పెడతాడు. ఒక్కోసారి చందా కట్టమని అడ్డుపడుతుంది, అడ్డుపడితే వదిలేయండి. ఇంగ్లీషుతో ఇబ్బంది ఉన్నవాళ్లకి పరి ఉంది, పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. పాలగుమ్మి సాయినాథ్ 2014 డిసెంబరులో పెట్టింది, పల్లెల్లో పనిపాటలు చేసుకునేవాళ్ల ఫోటోలు, కథనాలు, చాలావరకు తెలుగులో కూడా దొరుకుతాయి. దీని గురించి తర్వాత మళ్లీ చెబుతాను. ఇక బింగ్ వాల్‌పేపర్ అని కంప్యూటర్ తెర మీద తనంతట తానే రోజుకొక ఫోటో మారేది ఒకటుంది, అది చూడ్డానికి కాదు, గోడ మీద క్యాలెండరు లాంటిది. ఉంటే ఉంటుంది.

ఇప్పుడు అసలు పద్ధతి. ఫోటో తెరవగానే కింద రాసింది చదవకండి. నేను తెర అడుగున ఒక కాగితం అడ్డం పెడతాను, అలవాటైపోయింది. చదివేశారంటే ఇంక ఫోటో చూడరు, చదివింది అందులో ఉందో లేదో సరిచూసుకుంటారు, అంతే. రెండు మూడు నిమిషాలు ఊరికే చూడండి. మన కన్ను నేరుగా నడిమధ్యకి, అందులోనూ ముఖానికి పోతుంది, పోనివ్వండి, కానీ తర్వాత నాలుగు మూలలకీ వెళ్లి రండి. నీడ ఎటు పడింది, పొడుగ్గా ఉందా పొట్టిగా ఉందా చూస్తే పొద్దో మిట్టమధ్యాహ్నమో తెలుస్తుంది. మనిషి ఉంటే ముఖం కన్నా చేతులు, పాదాలు ముందు చూడండి, ముఖానికి ఫోటో తీస్తున్నారని తెలుసు, పాదాలకి తెలీదు. ఫోటో తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడో ఊహించండి, నేల మీద పడుకుని తీశాడా, చెట్టెక్కాడా, నీళ్లలో దిగాడా. ఇదంతా పరీక్షలాగా చేయక్కర్లేదు, సంతలో కూరగాయలు కొనేటప్పుడు వంకాయ తిప్పి చూస్తాం కదా, అంత సహజంగా అలవాటవుతుంది.

ఈ విద్యలో నాకు గురువు మా అమ్మ. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి ఓ గంట షాపులో కూర్చుంటుంది. ఒకరోజు తెర మీద బర్మా ఫోటో ఉంది. ఇన్లే సరస్సు, తెల్లవారుజాము పొగమంచు, సన్నటి పడవ కొసన ఒక జాలరి ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో వెదురు గంప లాంటి పెద్ద వలని పైకెత్తి పట్టుకున్నాడు. అద్దంలాంటి నీళ్లలో వాడి నీడ. నేను ఆహా ఓహో అనుకుంటున్నాను. మా అమ్మకి బర్మా అంటే ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే వాళ్ల నాన్న రంగం వెళ్లొచ్చినవాడు. మా వైపు రంగూన్‌ని రంగం అనే అంటారు, శ్రీకాకుళం, గంజాం జిల్లాల్లో రంగం వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. 1942లో జపాను వాళ్లు వచ్చిపడితే కాలినడకన తిరిగొచ్చినవాళ్ల కథలు వింటూ పెరిగింది ఆవిడ. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. చూసి, "ఈడు చేపలు పట్టట్లేదురా" అంది.

"అదేటమ్మా, వల ఉంది కదా."

"వలలో చేప లేదు. పడవలో చేప లేదు. చొక్కా మడత నలగలేదు, పంచె తడవలేదు. తెల్లారి నీళ్లల్లో ఉన్నోడికి పొడి పంచె ఉంటాదేటి? ఈడెవడో నాటకాలోడు."

అప్పుడు వెతికి చదివాను. మా అమ్మ చెప్పింది నిజమే. అక్కడి ఇంతా తెగవాళ్లు కాలితో తెడ్డు వేయడం అసలైన సంగతే, నీళ్ల మీద నాచు, రెల్లు దట్టంగా ఉంటుంది కాబట్టి నిలబడితేనే దారి కనబడుతుంది, ఒక కాలు తెడ్డుకి మెలేస్తే చేతులు రెండూ వలకి ఖాళీగా ఉంటాయి. కానీ ఆ గంప వలని కాలితో పైకెత్తి నిలబడే భంగిమ ఇప్పుడు ఎక్కువగా ఫోటోల కోసమే, టూరిస్టులు ఇచ్చే డబ్బుల కోసం. మామూలుగా చేపలు పట్టేవాళ్లు పక్కన మామూలు వలలే వేసుకుంటున్నారు. ఇది తెలిశాక ఫోటో పాడైపోయిందా అంటే నాకేమీ పాడవలేదు. పగటివేషం వేసుకొచ్చినవాడు రాముడు కాడని తెలిసే కదా చూస్తాం, బియ్యం పోస్తాం. వేషం వేషమని తెలిసి చూడాలి, అంతే.

మీరు చూడాల్సినంత చూశాక అప్పుడు కింద రాసింది చదవండి. ఇంగ్లీషు రాకపోతే క్రోమ్‌లో తెలుగులోకి మార్చుకోవచ్చు, కానీ నమ్మి కూర్చోకండి. ఒకసారి మంచుగడ్డ మీద పడుకున్న సీల్ ఫోటో కింద "పిల్ల ముద్ర తల్లి కోసం ఎదురుచూస్తోంది" అని వచ్చింది. ఏ ఆఫీసు ముద్రో అనుకున్నాను. అందుకని జంతువులు, పక్షుల విషయంలో ఒక చిట్కా, కింద వంకర అక్షరాలతో లాటిన్ పేరు ఉంటుంది, దాన్ని కాపీ చేసి మళ్లీ వెతకండి. ఏ భాషలో వెతికినా ఆ పేరు మారదు, ఆ జీవి ఏయే దేశాల్లో ఉంటుందో మ్యాపు కూడా దొరుకుతుంది.

ఈ చిట్కా వల్ల మా బావతో నాకు గొడవైంది. బావది టెక్కలి వైపు. అక్కడ తేలినీలాపురంలో చలికాలంలో గూడబాతులు, రంగు కొంగలు వందలకొద్దీ వచ్చి ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కడతాయి, చూసే ఉంటారు. చిన్నప్పటినుంచీ వాటిని సైబీరియా పక్షులు అనే విన్నాం, అందరూ అలాగే అంటారు. ఓరోజు గూడబాతు ఫోటో వస్తే లాటిన్ పేరు పట్టుకుని వెతికాను. మ్యాపులో సైబీరియా ఊసే లేదు. మచ్చల ముక్కుండే ఈ గూడబాతు మన దేశం, శ్రీలంక, కంబోడియా, ఈ చుట్టుపక్కలదే, రంగు కొంగ కూడా అంతే. సరే, పుస్తకం పక్కన పెట్టి ఆలోచించినా తెలుస్తుంది, గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచేది మన చింతచెట్టు మీదైతే పుట్టిల్లు ఏదవుతుంది? సైబీరియా నుంచి చలికి తట్టుకోలేక వచ్చే పక్షులు వేరే ఉన్నాయి, చిలికా సరస్సుకి వచ్చే బాతుల్లో చాలా రకాలు ఉత్తరాది నుంచి వచ్చేవే, అవి ఇక్కడ తిని వెళ్లిపోతాయి, గూడు కట్టవు. బావకి ఇదంతా చెబితే "తరతరాల్నుంచి మా ఊళ్లోకొచ్చే పిట్టలు ఎక్కడివో నీ కంప్యూటరు చెప్తాదేటి" అని కోప్పడి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఇప్పుడు చుట్టాలొస్తే ఆయనే చెబుతున్నాడట, ఇవి సైబీరియావి కాదండీ అని.

చదవడం అయ్యాక మ్యాపు తెరిచి ఆ ఊరెక్కడో పెట్టి చూడండి. ఇది మానొద్దు, అసలు రుచంతా ఇక్కడే ఉంది. ఒకరోజు థాయిలాండ్ నుంచి చియాంగ్ మై ఫోటో వచ్చింది, రాత్రి నది మీద వందల దీపాలు తేలుతున్నాయి. కాగితం అడ్డం పెట్టి చూస్తే నాకు అది మా మహేంద్రతనయ ఏటి ఒడ్డే అనిపించింది, దీపం కింద ఉన్నది అరటి దవ్వ, చుట్టూ పూలు, నీళ్ల దగ్గర గొంతుక్కూచుని రెండు చేతులతో నెమ్మదిగా వదులుతున్న ఆడవాళ్లు. చదివితే లోయ్ క్రథోంగ్ పండగ, వాళ్ల పన్నెండో నెల పౌర్ణమి, అంటే దాదాపు మన కార్తీక పౌర్ణమి. మ్యాపులో చూస్తే చియాంగ్ మై, పర్లాకిమిడి రెండూ ఇంచుమించు 18.8 డిగ్రీల మీదే ఉన్నాయి, మా షాపు గుమ్మంలోంచి నేరుగా తూర్పుకి గీత గీస్తే బంగాళాఖాతం దాటి, బర్మా దాటి అక్కడికి పోతుంది. మాకు ఇక్కడ కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియావాళ్లు బొయిత బందాణ అని అరటి దవ్వ పడవల్లో దీపం పెట్టి వదులుతారు, ఆ కాలంలో సాధవులు, అంటే సముద్ర వర్తకులు, జావా సుమత్రాలకు ఓడలెక్కిన గుర్తుగా. ఆ నెల ముగిసిన మర్నాడు పోలి స్వర్గానికి మన ఆడవాళ్లు అరటి దొప్పల్లో వదులుతారు. ఒకే నదిలో పదిహేను రోజుల తేడాలో రెండు భాషల దీపాలు. ఆ పక్కనే సముద్రం అవతల మూడోది. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో నేను చెప్పబోవడం లేదు, కానీ ఆ ఫోటో మాత్రం నా చేత పోలి కథ మళ్లీ అమ్మనడిగి చెప్పించుకునేలా చేసింది.

అందుకే దూరదేశపు ఫోటో చూసిన ప్రతిసారీ మన చుట్టుపక్కల దానికి చుట్టం ఎవరైనా ఉన్నారా అని వెతకండి. టిబెట్‌లో వెన్నదీపాలు వెలిగించే బౌద్ధ సన్యాసుల ఫోటో వస్తే "అబ్బ, ఎంత దూరమో" అనుకుంటాం. మా గజపతి జిల్లాలోనే చంద్రగిరి దగ్గర 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు, జీరంగలో 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన పెద్ద బౌద్ధ విహారం ఉంది. చలికాలంలో రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మే అక్కలు వాళ్లే. బేరం ఆడటం తప్ప వాళ్లనెప్పుడూ ఏమీ అడిగినవాణ్ని కాదు నేను. ఫోటో చూశాక అడిగాను, ఆ దీపంలో నెయ్యి పోస్తారా నూనె పోస్తారా అని. ఆవిడ నవ్వి, ఇక్కడ జడల బర్రెలు ఎక్కడివి బాబూ, డాల్డా పోస్తాం అంది.

పైనుంచి తీసిన ఫోటోల గురించి కొంచెం. నాసాదే 'ఎర్త్ అబ్జర్వేటరీ' అని ఉంది, 1999లో పెట్టారు, ఉపగ్రహాలు తీసిన భూమి ఫోటోలు రోజుకొకటి వివరణతో వేస్తారు. మొదట ఏమీ అర్థం కాదు, గోధుమరంగు, ఆకుపచ్చ మరకల్లా ఉంటుంది. ఓపిక పట్టండి. ముందు మీకు తెలిసిన నేల మీద కన్ను అలవాటు చేసుకోండి. వాళ్లదే 'వరల్డ్‌వ్యూ' అని ఇంకొకటి ఉంది, అందులో మీరే తేదీ పెట్టుకుని, మీకు కావలసిన చోటికి జరుపుకుని ఆ రోజు పైనుంచి ఎలా ఉందో చూడొచ్చు. మా వైపు వాళ్లు 2018 అక్టోబర్ 10 పెట్టి మన తీరం చూడండి. తిత్లీ తుఫాను. బంగాళాఖాతంలో పిండి కలిపిన గిన్నెలో గరిటె తిప్పినట్టు తెల్లటి సుడి, దాని అంచు అప్పటికే మన మీదకొచ్చేసింది. మర్నాడు తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మేం షాపులో ఉన్న కాగితాలన్నీ మంచం మీదకెక్కించి, పైన రేకు లేచిపోకుండా లోపల్నుంచి తాడు కట్టి పట్టుకుని కూర్చున్నాం. ఆ గాలి అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. ఉద్దానంలో కొబ్బరితోటలు పడిపోయాయి, మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఫోటోలో అదంతా ఏమీ లేదు, తెల్లగా, మెత్తగా, అందంగా కూడా ఉంది. దాని కింద ఉన్నది నేనే అని తెలిసి చూడటం వల్ల, అప్పట్నుంచి ఎక్కడో ఫిలిప్పీన్స్ తుఫాను ఫోటో వచ్చినా ఆ మబ్బు కింద రేకుకి తాడు కట్టుకుని కూర్చున్నవాళ్లు ఉంటారన్న ఊహ దానంతటదే వస్తుంది.

మనుషుల ఫోటోల దగ్గరికొద్దాం. ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద 1985 జూన్‌లో వచ్చిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి ఫోటో చూడనివాళ్లు ఉండరు. ఆ పిల్ల పేరేమిటో 2002 దాకా లోకానికి తెలీదు, పదిహేడేళ్లు. షర్బత్ గులా అని అప్పుడు మళ్లీ వెతుక్కుంటూ వెళ్లి కనుక్కున్నారు. అదే పత్రిక 2018 ఏప్రిల్ సంచికలో, దశాబ్దాల పాటు తమ రాతల్లో, ఫోటోల్లో జాతి వివక్ష ఉందని తనే ఒప్పుకుంది. నేను ఇప్పుడు మనుషుల ఫోటో చూస్తే మొదట వెతికేది పేరు. కొండ పేరు రాసి, ఈక పేరు రాసి, ఈక పెట్టుకున్న మనిషి పేరు రాయలేదంటే నాకు ఆ ఫోటో మీద సగం మనసు విరిగిపోతుంది. పరి వాళ్లది నచ్చేది అందుకే, మనిషి పేరు, ఊరు, చేసే పని ఉంటాయి. రాయగడ వైపు చటికొనలో బుధవారం సంతకి నియమగిరి కొండల డొంగ్రియా గిరిజనులు దిగుతారు, వాళ్ల ముక్కుపుడకల మీదకి గజం పొడుగు కెమెరాలు పెట్టేవాళ్లని నేను చూశాను. ఆ పక్కన కూర్చుని పసుపుకొమ్ములు అమ్ముకునే ఆవిడ బేరం ఎవరికీ అక్కర్లేదు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఒక ఫోటోల సైటులో ఎర్రమట్టి గోడ మీద తెల్లటి బొమ్మలున్న ఫోటో వచ్చింది, కింద వార్లీ చిత్రం అని రాశారు. అది అలా తెర మీద ఉండగానే కొండ మీంచి ఒక సవర తాత ఆధార్ కార్డు కాపీ తీయించుకోడానికి వచ్చాడు. కార్డు మెషిను మీద పెట్టి తిరిగి చూస్తే ఆయన కౌంటరు మీదకి వంగి తెర దగ్గర వేలు పెట్టాడు. "ఇది మావోళ్లది బాబు. ముందు గడి రాస్తారు. గడి రాసినాకే లోపల మనుషులు, ఏనుగు, చెట్టు." వేలు తెర చుట్టూ చతురస్రంగా తిప్పి చూపించాడు. తర్వాత వెతికి పోల్చుకుంటే తేడాలు దొరికాయి. మహారాష్ట్ర వార్లీలో మనిషి ఒళ్లు రెండు త్రికోణాలు, నడుము దగ్గర సూదిమొనలా కలుస్తాయి. సవరల గోడబొమ్మల్ని ఇడిటల్ అంటారు, వాటిలో మనుషులు ఇంకా సాగినట్టుంటారు, నడుము అంత కోసుగా ఉండదు, ఆడా మగా తేడా ఉండదు, పైగా తాత చెప్పినట్టు అంచు ముందు గీసుకుని లోపలికి నింపుకుంటూ వస్తారు. అది అలంకారం కూడా కాదు, పితృదేవతల కోసం రాసేది. సవర భాష నేర్చుకుని నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లో మాస్టారుగా పనిచేసినాయన, అలాంటి ఊళ్లో పుట్టి సవరల గోడని గుర్తుపట్టలేకపోయానని నాకు కొంచెం సిగ్గేసింది. ఆ సైటుకి వచ్చీరాని ఇంగ్లీషులో మెయిలు పెడితే మూడు వారాలకి మార్చారు. కామన్స్‌లో అయితే అంత కూడా అక్కర్లేదు, ఖాతా తెరిచి కింద వివరణ మీరే సరిదిద్దొచ్చు, తెలుగులో కూడా రాయొచ్చు. మన వైపు ఫోటోలు కనబడితే ఈ పని చేయండి, మనకి తెలిసినంత బయటివాళ్లకి తెలీదు.

దొంగ ఫోటోల బెడద సరేసరి. పేరుపడ్డ పోటీల్లోనే జరుగుతుంది, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ పోటీలో చెదపుట్ట దగ్గర చీమలు తినే జంతువు ఫోటోకి బహుమతిచ్చి, అందులోది చచ్చాక గడ్డి కూరి బొమ్మగా చేసిన జంతువన్న అనుమానం బలపడ్డాక 2018లో వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది. నేను చూసుకునేవి నాలుగు, తీసినవాళ్ల పేరు, చోటు, తేదీ, మొదట ఎక్కడ వచ్చింది. నాలుగూ లేకుండా వాట్సాప్‌లో వచ్చే నీలం పువ్వులు, కొండంత చందమామలు క్యాలెండరు బొమ్మ కింద లెక్క. సందేహముంటే గూగుల్ లెన్సులో పెట్టి వెతకండి, పాత ఫోటోని కొత్త పేరుతో తిప్పుతున్నారా అన్నది నిమిషంలో తేలుతుంది.

ఫోనులో చూసేవాళ్లు అడ్డంగా తిప్పి, వెలుతురు పెంచి చూడండి, ఎండలో నిలబడి చూడొద్దు. డేటా తక్కువుంటే చిన్న సైజు ఫోటోయే చాలు, అసలు ఫైలు ముట్టుకోవద్దు, కామన్స్‌లో ఒక్కొక్కటి ఇరవై ఎంబీ కూడా ఉంటుంది. ఒకటి రెండు రోజులు తప్పిపోతే పాతవి పోగేసి చూడొద్దు, నిన్నటి అన్నం నిన్ననే. ప్రింటు తీసి ఫ్లెక్సీ వేయించుకుంటాం అని మా దగ్గరికి వస్తుంటారు, నాసా సొంత ఫోటోలకి మామూలుగా అడ్డు లేదు, కానీ ఏపాడ్‌లో వచ్చేవన్నీ నాసావి కావు, బయటివాళ్లవి చాలా ఉంటాయి, కింద కాపీరైటు అని ఉంటే ముట్టుకోకండి. కామన్స్‌వి వాడుకోవచ్చు, తీసినవాళ్ల పేరు, లైసెన్సు వేయాలి. పేరు వేస్తే ఫ్లెక్సీ అందం పోతుందన్న ఒకాయన్ని వేరే షాపుకి పంపించేశాను.

చివరిగా ఒక పుస్తకం పెట్టుకోండి. నాది పాత ఖాతా పుస్తకం, ఎడమవైపు అప్పులు, కుడివైపు ఫోటోలు. తేదీ, చోటు, ఒక్క వాక్యం. ఒక్క వాక్యమే రాయాలి, బాగుంది అని మాత్రం రాయకూడదు. "ఒంటె మెడకి కట్టిన తాడు నైలాను", "చేపలమ్మే ఆవిడ త్రాసులో రాయి", ఇలా కంటికి తగిలింది రాస్తే మూడేళ్ల తర్వాత తిరగేసినా ఫోటో కళ్లముందుకొస్తుంది. నిన్నటిది ఐస్‌లాండ్‌లో గొర్రెల్ని కొండ దింపుతున్న ఫోటో. ఇవాళ్టిది ఇంకా రాయలేదు, ఏదో పెద్ద కన్ను, పురుగుదా కప్పదా తేల్చుకోలేకపోతున్నాను, కింద కాగితం తీయబుద్ధి కావడం లేదు. గుణుపురం బస్సొచ్చేసింది, నలుగురు నిలబడ్డారు, ఒకాయన రేషన్ కార్డు రెండువైపులా ఒకే కాగితం మీద రావాలంటున్నాడు.